రశీదు లేని ఫ్రిజ్

"కాలిపోయిన కొట్టుకి ఉతికిన చొక్కా ఎందుకే?" అంది అత్త, గడప మీద కూర్చుని కాళ్ళు ఎండలో పెట్టుకుంటూ.

ఫిండిలే బకెట్లో తను పనిచేసే సూపర్ మార్కెట్ ఎర్రచొక్కా జాడిస్తోంది. ఇక్కడ జూలై అంటే చలికాలం, కుళాయి నీళ్ళు వేళ్ళు కొరికేస్తున్నాయి. సబ్బు కూడా లేదు, ఉత్త నీళ్ళే. తొమ్మిదేళ్ళుగా శుక్రవారం శుక్రవారం ఉతుకుతోంది, ఇవాళ శుక్రవారం, అంతే. చేతులు ఊరుకుంటే ఏడుపొచ్చేస్తుందని భయం కూడా.

సోమవారం పొద్దున, దక్షిణాఫ్రికాలో డర్బన్ అంచునున్న ఈ పేట పేటంతా ఆ కొట్టు మీద పడింది. ఎవరో పెద్ద నాయకుణ్ణి జైల్లో పెట్టారనే కోపంతో మొదలైందన్నారు. మధ్యాహ్నానికి ఆ సంగతి ఎవరికి గుర్తుంది? ఎవరి చేతికి ఏదందితే అది. షట్టరు విరిగినప్పుడు ఫిండిలే కౌంటర్ దగ్గరే ఉంది. ఎక్కణ్ణించో గూండాలొస్తారనుకుని వణికిపోయింది. తీరా చూస్తే అందరూ తెలిసిన మొహాలే! చర్చిలో పక్కన కూర్చుని పాడే ముసలమ్మ బియ్యం బస్తా ఈడ్చుకుపోతోంది. పక్కింటి థోకో రెండు చంకల్లో పసిపిల్లల డైపర్ల కట్టలు ఇరికించుకుని, ఒగర్చుకుంటూ వచ్చి, "ఒసే ఫిండీ, పెద్ద సైజువి ఏ వరసలో ఉంటాయే?" అని అడిగింది. ఫిండిలే నోరు దానంతటదే "ఏడో వరస, కింది అర" అనేసింది. తొమ్మిదేళ్ళ అలవాటు మరి! అన్నాక సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సిగ్గు ఇంకా దిగలేదు.

ఆ కొట్టంటే ఆమెకేమన్నా ప్రేమా? ఏం లేదు. రోజూ డ్యూటీ అయ్యాక వెనక తలుపు దగ్గర వరసలో నిలబడాలి. చేతులు పైకెత్తాలి. కాపలావాడు చంకలు, నడుము, తొడలు తడిమి చూడాలి. సంచీ బల్ల మీద గుమ్మరించాలి. ఒకసారి వాడు ఆమె నెలసరి గుడ్డల పొట్లం విప్పి, ఒక్కొక్కటీ వెలుగుకి పట్టి చూశాడు. వెనక నిలబడ్డ మగవాళ్ళు నవ్వారు. ఇంటికొచ్చి మొగుడు ముజీతో చెప్పుకుంటే, "ఉద్యోగమన్నాక అవన్నీ ఉంటాయి, కూర వండు" అన్నాడు. కూర వండింది. అన్నేళ్ళలో ఒక్క అగ్గిపెట్టె కూడా దాచుకుని తేలేదు. తెచ్చిన జీతం మాత్రం ప్రతి నెలా అత్త చేతిలో పోసింది. ఆ చేతిలో పడ్డాక దాని గురించి అడిగే హక్కు లేదు.

అలాంటి ముజీ ఆ సోమవారం ముగ్గురు స్నేహితుల్ని వెంటేసుకుని, ఇంత పొడుగు ఫ్రిజ్‌ని బండి మీద తోసుకుంటూ గుట్టెక్కి ఇంటికి తెచ్చాడు. నాలుగేళ్ళుగా పని లేక మొహం మాడ్చుకు కూర్చున్న మనిషి, ఆ రోజు పెళ్ళికొడుకులా నవ్వాడు.

"సామ్కే నాన్నా, అది మా కొట్టుది. తీసుకెళ్ళి ఇచ్చెయ్యి" అంది ఫిండిలే, ఎప్పట్లాగే మొగుణ్ణి కూతురి పేరుతో పిలుస్తూ.

"మీ కొట్టా? రోజూ నిన్ను దొంగలా తడిమి పంపేవాళ్ళ కొట్టు నీదెప్పుడైందే?" అన్నాడు ముజీ. ఆ మాటకి స్నేహితులు పడీ పడీ నవ్వారు. మాట నిజమే, అందుకే అంత మండింది. ఆమె పడ్డ అవమానాన్ని ఇన్నాళ్ళూ పట్టించుకోనివాడు, తన దొంగతనానికి మాత్రం దాన్నే సాక్ష్యం తెచ్చుకున్నాడు.

"ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి" అని అత్త మూతి తిప్పింది. "మీ పుట్టింటికి పదకొండు ఆవులిచ్చి తెచ్చుకున్నాం నిన్ను. ఆ ఆవులన్నా నయం, ఏది పెడితే అది నోరు మూసుకుని తినేవి."

సాయంత్రానికి కొట్టు తగలబడింది. పేటలో ఉన్న ఒక్క కొట్టూ అదే. మంగళవారానికి రొట్టె లేదు, బుధవారానికి మొక్కజొన్న పిండి లేదు. తలగుడ్డ కట్టుకుని నాలుగు గంటలు నడిచి, ఇంకో పేటలో వరసలో నిలబడి ఫిండిలే ఒక్క రొట్టె తెచ్చింది. వీధి మలుపులో మగవాళ్ళు కొత్త కుర్చీలేసుకుని ఎండ కాగుతున్నారు. రొట్టెలో సగం ముజీకి, పావు అత్తకి పెట్టి, మిగతాది సామ్కే చేతికిచ్చింది. ఆరేళ్ళ పిల్ల, దానికేం తెలుసు! తిన్నాక కూడా పదే పదే వెళ్ళి ఫ్రిజ్ తలుపు తెరిచి చూస్తోంది, ఈసారైనా ఏమన్నా వచ్చిందేమోనని. 

గురువారం మేనేజర్ ఫోన్ చేశాడు. నగరంలో ఉన్న ఇంకో కొట్టులోకి కొందర్ని తీసుకుంటారట. "పోలీసుల జాబితాలో పేరెక్కినవాళ్ళు మాత్రం గేటు దగ్గరికి కూడా రావద్దు" అన్నాడు. ఆ జీతం లేకపోతే నలుగురూ పస్తే. సామ్కే ఎముకల గూడైపోతుంది.

ఇప్పుడు చొక్కా తీగ మీద వేస్తుండగా థోకో పరిగెత్తుకొచ్చింది. "పోలీసులు, సైన్యం ఇల్లిల్లూ సోదా చేస్తున్నారే! రశీదు లేకపోతే సామానుతో పాటు మనిషిని కూడా బండెక్కిస్తున్నారు. నీ దగ్గర పాత రశీదులేమన్నా ఉంటే ఒక్కటివ్వవే, నీ కాళ్ళు పట్టుకుంటాను." నిన్నటిదాకా 'తెల్లవాడి గల్లాపెట్టెకి కాపలా కుక్క' అని ఎగతాళి చేసిన నోరే. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు.

వీధిలో జనం టీవీలు, పరుపులు రోడ్డు మీదికి విసిరేస్తున్నారు. ముజీ మాత్రం ఫ్రిజ్‌ని కౌగిలించుకుని నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఫిండీ, నువ్వు చెప్పు. నువ్వక్కడ పనిచేస్తావు కదా, 'వాయిదాల మీద నేనే కొన్నాను' అను. 'నాది' అను, చాలు."

"అబద్ధమని తేలితే నన్ను పట్టుకుపోతారు. ఉద్యోగం పోతుంది."

"ఆడదానివి, నిన్నేం చేస్తారమ్మా?" అత్త లేచొచ్చి గడ్డం పట్టుకుంది. ఈ ఇంట్లో కాలు పెట్టాక ఆమె 'అమ్మా' అనడం ఇదే మొదటిసారి. "మగాడు జైలుకెళ్తే ఇంటి పరువేం కాను? నా తల్లివి కదూ!"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నిజం చెబితే కట్టుకున్నవాడు జైలుకి. అబద్ధం చెబితే పిల్ల నోటి దగ్గరి ముద్ద పోతుంది. ఏ దిక్కు చూసినా గొయ్యే. అంతలోనే ఫిండిలేకి నవ్వొచ్చింది, పిచ్చి నవ్వు. ఇల్లు పోయిన మామగారి పేర. మంచం అత్తది. పిల్లకి పేరు పెట్టింది వాళ్ళు, ఇంటిపేరు వాళ్ళది. తన జీతం తనది కాదు. తొమ్మిదేళ్ళలో 'నాది' అనడానికి ఈ ఇంట్లో ఒక చెంచా కూడా ఇవ్వలేదు. ఇవాళ ఏకంగా ఫ్రిజ్ ఇస్తున్నారు!

బూట్ల చప్పుడు. పుస్తకం పట్టుకుని ఒక పెద్ద వయసు పోలీసు, వెనకాల ఇద్దరు సైనికులు.

"ఈ ఫ్రిజ్ ఎవరిది? రశీదుందా?"

"మా కోడలిదేనయ్యా, అదా కొట్టులోనే పనిచేస్తుంది" అంది అత్త, గుక్క తిప్పుకోకుండా.

పోలీసు పెన్ను తెరిచాడు. "నీదేనా చెల్లెమ్మా? పేరు చెప్పు, రాసుకుంటాను."

సామ్కే వచ్చి తల్లి పావడా పట్టుకుంది. ముజీ గోడకేసి చూస్తున్నాడు. ఒక్క మాటతో ఈ ఇంట్లోంచి చీకటి పడకుండానే గెంటేస్తారని ఫిండిలేకి తెలుసు. ఎక్కడికెళ్ళాలో తెలీదు. 

"నాది కాదు" అంది.

"ఏమే!" అత్త అరిచింది.

"మరెవరిది?" అన్నాడు పోలీసు.

ఫిండిలే పిల్లని ఎత్తుకుని, తలుపు దగ్గర్నించి పక్కకి తప్పుకుంది.

"సామ్కే నాన్నకీ నోరుందయ్యా. ఆయన్నే అడగండి."