దానయ్య మాస్టారి మూడు సంతకాలు

అమ్మ! పలుకులచేడియ! యక్షరముల
నెలవు గొన్నట్టి జననిరో! నీడ యుండ
వణకు చేతుల కైనను వ్రాత కలదు;
నిలువు మందఱి వ్రేళ్ళపై, నిలువు మమ్మ!

నేను ఒక కాగితాన్ని. తపాలా ఓటుతో పాటు ఓటరు సంతకం చేసి పంపవలసిన ధ్రువీకరణ పత్రాన్ని. ‘ఈ ఓటు నాదే’ అన్న మాటను మోయడానికే పుట్టాను. ఆ మాట మనిషి నోటితో చెబితే మానవులు నమ్మరు. నా అడుగున ఉన్న చిన్న గడిలో గీస్తే నమ్ముతారు. బ్రహ్మ నుదుట రాసినది చదువుకోలేని ఈ జాతికి, తాము గీసుకున్న గీతల మీద ఇంత గురి ఎందుకో నాకు బోధపడదు.

అచ్చుయంత్రం కింద వేల తోబుట్టువులతో పుట్టి, మండల కార్యాలయంలో కొన్నాళ్ళు కట్టలో నలిగి, చివరకు వకుళాదేవి అనే వ్యవసాయాధికారిణి సంచిలో చేరాను. ఎనభై అయిదేళ్ళు దాటినవారి ఇళ్ళకు వెళ్ళి ఓటు వేయించుకు రావడం ఆ ఎన్నికలలో ఆమెకు అప్పగించిన పని.

ఉప్పుమడుల పక్కనున్న పేటలో ఈపూరి దానయ్య మాస్టారి ఇంటికి ఆమె వెళ్ళడం అది రెండోసారి. మొదటిసారి ఆయన పక్షవాతంతో ఆసుపత్రిలో ఉన్నారు. మూడోసారి రావడానికి నిబంధనలు ఒప్పవు. ఆ పూట ఓటు పడకపోతే ఇక పడనట్టే.

ఆయన భార్య నాంచారమ్మ మజ్జిగ ఇస్తూ భర్త సంగతి చెప్పుకొచ్చింది. ఉప్పుమడుల కూలీలకు ఆయన ముప్ఫై ఏళ్ళు వయోజనుల బడి నడిపారట. ఎవరైనా తొలిసారి తమ పేరు రాసిన రోజున, అందరి ముందూ వారి బొటనవేలిని కుంకుడు రసంతో కడిగి, ఇకమీదట దీన్ని సిరాలో ముంచనని ప్రమాణం చేయించేవారట. అలా మొదట కడిగిన వేలు నాంచారమ్మదే.

నన్ను అట్ట మీద పెట్టి ఆయన ఒడిలో ఉంచారు. పట్టు తప్పిన కుడిచేతితోనే ఆయన కలం అందుకున్నారు. ‘దా’ నిలిచింది. ‘న’ దగ్గర కలం ఒరిగి, గీత గడి దాటి నా అంచు దాకా జారిపోయింది. దాని కింద మరోసారి రాశారు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి కూలాయి. మూడోసారి కలం నన్ను చీల్చింది. ఎందరి చేతనో అక్షరాలు దిద్దించిన ఆ వేళ్ళ బరువు నాకింకా గుర్తే.

ఆయన జబ్బు పడకముందు పంపిన దరఖాస్తును వకుళాదేవి తీసి నా పక్కన పెట్టింది. అందులో సంతకం ముత్యాల సరంలా ఉంది.

“ఈ రెండూ ఒక చేతివేనని నేనెట్లా రాసేది మాస్టారూ? వేలిముద్ర వేయండి. చట్టానికి అదీ సంతకంతో సమానమే.”

“చట్టం ఒప్పుకుంటుందమ్మా. నా వేలే ఒప్పుకోదు. ఓటు లేదని రాసుకో.”

వకుళాదేవి కలం మూత తీసింది గాని రాయలేదు. నాంచారమ్మ గ్లాసు కింద పెట్టింది.

“పెళ్ళిరోజు ఎన్నిసార్లు మర్చిపోయారో లెక్కలేదు గానీ పోలింగు రోజు ఒక్కసారీ మర్చిపోలేదు ఈయన. ఏవయ్యా, నా వేలు కడిగిననాడు నాకు సిగ్గేస్తందా అని అడిగావా? లేదు. నీ మాట మీద చెయ్యి చాచాను. ఇయ్యాళ నా మాట మీద నువ్వు చాచు.”

ఆయన ఎడమచేయి చాచి, ముఖం గోడవైపు తిప్పుకున్నారు. నా స్థానంలోకి వచ్చిన కొత్త పత్రం మీద బొటనవేలు తానే నొక్కారు. వకుళాదేవి సాక్షి సంతకం చేసి ముద్ర వేసింది. ఓటు కవరులోకి వెళ్ళింది.

పాడైన కాగితం తమకిమ్మని నాంచారమ్మ అడిగింది. ఆయన చేతి రాత ఇక అదేనేమో అంది. రద్దయినదాన్ని కూడా తిరిగి అప్పగించాలని వకుళాదేవి తలవంచుకొని చెప్పి, నా మీద అడ్డంగా రెండు గీతలు గీసింది.

ఓట్ల లెక్కింపు నాడు రద్దయిన కాగితాల కవరులో, ఓట్లు విప్పే బల్ల చివర నేనున్నాను. ఒక గుమాస్తా దానయ్య మాస్టారి పత్రం విప్పి, అన్నీ సరిగా ఉన్నాయని, ఓటు చెల్లుతుందని ప్రకటించాడు. పక్కనున్న మరో గుమాస్తా తొంగిచూశాడు.

“పాపం, ఎవరో అక్షరమ్ముక్క రాని పెద్దాయన. అయినా ఓటు మానలేదు చూడు.”

ఆ మాట ఎగతాళిగా అనలేదు, మెచ్చుకోలుగానే అన్నాడు. కాదని సాక్ష్యం చెప్పగలదాన్ని ఆ గదిలో నేనొక్కదాన్నే. కొట్టివేసిన కాగితం సాక్ష్యం ఎవరికి కావాలి? గడువు తీరాక నన్ను ముక్కలు చేస్తారు.

ఈ కథ విన్నవారి చేతులకు ఆయువున్నంత కాలం పట్టు ఉండుగాక. పట్టు తప్పిన నాడు, వారి నోటి మాటను నమ్మే మనిషి ఒక్కరైనా దొరుకుగాక. స్వస్తి.