స్వయం బదిలీ

ముప్ఫై ఏళ్ళుగా తాళాలు తెరుస్తున్న మనిషికి తలుపుల దగ్గర కాస్త పొగరు ఉంటుంది. మన తాళాలాయనకు కాస్త ఎక్కువే ఉండేది. ఇనప్పెట్టె గానీ, బీరువా గానీ, లోపల గడియపడి చంటిపిల్ల ఏడుస్తున్న పడగ్గది గానీ, ఆయన చెవి ఆనించి విని సన్నటి ఊచ అటూ ఇటూ తిప్పాడంటే తెరుచుకోవాల్సిందే.

అలాంటి మనిషి ఇప్పుడు, పొద్దున పది దాటాక, దారిలో దిగిన ఎవరిదో దేశంలో, విమానాశ్రయంలో, ఒక అద్దాల తలుపు ముందు చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. అది కార్డు చూపిస్తే తెరుచుకునే రకం. చూడగానే పోల్చుకున్నాడు. పనిముట్లు చేతిలో ఉంటే అయిదు నిమిషాల పని. పనిముట్లు సంచీలో ఉన్నాయి, సంచీ తలుపుకు అవతల ఉంది. ఉన్నా ఏం లాభం! ఆ తలుపుకు అడ్డంగా ఉన్నది తాళం కాదు, వీసా అనే కాగితం.

"సార్, ఎన్నిసార్లు చెప్పమంటారు?" అంది కౌంటర్లో అమ్మాయి. పొట్టకూటికి అక్కడికొచ్చిన తెలుగు పిల్లే. విసుగున్నా మర్యాద వదల్లేదు. "మీ రెండో విమానం వేరే కంపెనీది. దాని బోర్డింగ్ పాస్ ఇక్కడ ఇవ్వరు. బయటికెళ్ళి, మీ సంచీ మీరే తీసుకుని, వాళ్ళ కౌంటర్లో ఇవ్వాలి. బయటికెళ్ళాలంటే వీసా ఉండాలి."

"నేనీ దేశానికి రాలేదమ్మా! దీని మీదుగా పోతున్నాను, అంతే. ఒకటే టికెట్టు కొన్నాను, ఒకేసారి డబ్బు కట్టాను."

"కొన్నది ఒకేసారి. కానీ టికెట్లు రెండు. ఎవరో రెండు వేరే వేరే టికెట్లు కలిపి మీకు అమ్మారు. ఇదిగో, ఇక్కడ రాశారు కూడా." ఆయన ఫోనే ఆయన వైపు తిప్పి చూపించింది. అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, 'సామాను: స్వయం బదిలీ'.

ఆ మాట ఆయన చూడక కాదు. కొన్న రోజే చూశాడు, చూసి సంబరపడ్డాడు కూడా. తన దుకాణం బోర్డు మీద ఇరవై ఏళ్ళుగా 'స్వయంచాలక తాళములు' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. తలుపు వేస్తే చాలు, దానంతటదే పడిపోయే తాళాలు. అందుకని స్వయం బదిలీ అంటే సంచీ దానంతటదే ఒక విమానంలోంచి ఇంకో విమానంలోకి మారిపోతుందనుకున్నాడు. "చూశావా, కాలు కదపక్కర్లేదు, అన్నీ వాళ్ళే చూసుకుంటారు," అని పెళ్ళానికి గొప్పగా చెప్పాడు కూడా. మాట తెలుగుదే, మనిషీ తెలుగువాడే, అయినా ఇద్దరికీ పొసగలేదు.

ఆవిడ ముందే మొత్తుకుంది. "ఏమండీ, ఈ ఒక్కసారికి బేరాలు పెట్టకండి. పక్క వీధిలోనే విమానాల ఆఫీసు ఉంది. వెళ్ళి మనిషితో మాట్లాడి, మధ్యలో ఎక్కడా దిగకుండా ఒకరోజు ముందే చేరేట్టు కొనుక్కోండి."

"మూడోవంతు తక్కువకి వస్తుంటే అక్కడికెందుకే? నీకు తెలీదులే," అన్నాడు. ఆయన ఫోన్లో టికెట్ల వెబ్‌సైటు తెరిచి ఉంది, సీట్ల అంకె తగ్గుతూ, 'ఈ ధరకు రెండే సీట్లు, పదకొండు మంది చూస్తున్నారు' అని ఎర్రటి అక్షరాలు బెదిరిస్తున్నాయి. గబగబా నొక్కుకుంటూ పోయాడు. సీటుకింత అంది. సంచీకింత అంది. సేవా రుసుమంది. 'నిశ్చింత ప్యాకేజీ' అని ఇంకోటి, ఆయన అడక్కుండానే దాని పక్కన టిక్కు పెట్టి ఉంది. చివరికి లెక్క చూసుకుంటే, పక్క వీధి ఆఫీసు కన్నా తనకు మిగిలింది రెండు తాళంచెవులు కోస్తే వచ్చేంత. ఆ సంగతి పెళ్ళానికి చెప్పలేదు. చెప్తే పరువేముంటుంది?

పరువు సంగతి అలా ఉంచండి. అసలు ప్రయాణం దేనికో చెప్పాలి. ఆయనకు ఒక్కతే అక్క. సముద్రం అవతల కూతురి దగ్గర ఉంటుంది. అక్క గొంతులో పుండు లేచింది. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి ఆపరేషన్. మాట పుట్టే చోటునే తీసేస్తారు. తర్వాత ఏదో పరికరం పెట్టి కాస్త ధ్వని తెప్పించవచ్చు గానీ, ఈ గొంతు మటుకు మళ్ళీ ఉండదని డాక్టర్లు తేల్చి చెప్పేశారు.

ఆ గొంతు ఆయన విని ఆరేళ్ళయింది. ఆరేళ్ళ కిందట అమ్మ మంచాన పడితే అక్క రమ్మని కబురు చేసింది. సోమవారం అయితే టికెట్టు ధర తగ్గుతుందని మూడు రోజులు ఆగాడు మహానుభావుడు. ఆదివారం రాత్రే అమ్మ పోయింది. తీరా వెళ్ళాక గుమ్మంలోనే నిలబెట్టి అక్క అంది: "అమ్మ రెండు రోజులు నీ కోసం గుమ్మం వైపు చూసింది. నువ్వు రేటు వైపు చూశావు. ఇకమీదట నాకు ఫోన్ చెయ్యకు. మాట్లాడాలనుంటే ఎదురుగా వచ్చి మాట్లాడు."

అక్క మాటంటే మాటే. తమ్ముడు ఫోన్ చేస్తే తీసేది కాదు. తనూ తక్కువ తిన్నాడా? 'అదే దిగొస్తుందిలే' అని కూర్చున్నాడు. ఒకే కడుపున పుట్టిన మొండితనం మరి! చివరికి వారం కింద మేనకోడలు ఫోన్ చేసి ఏడ్చింది. "మామయ్యా, అమ్మకి మాట్లాడితే ఊపిరాడటం లేదు. మూడు ముక్కలు అంటే దగ్గొచ్చేస్తుంది. ఎవరితోనూ మాట్లాడటం లేదు. పలక మీద రాస్తోంది. అదేంటమ్మా అంటే, 'వాడొస్తాడుగా, వాడి కోసం దాస్తున్నా' అని రాసింది."

అంత విన్నాక కూడా ఆ మనిషి ధరలు పోల్చి చూశాడండీ! ఏమనాలి? ఒంటిగంటకు దిగుతాను, ఆపరేషన్ నాలుగింటికి, మూడు గంటలు చాలవా అక్కతో మాట్లాడటానికి అనుకున్నాడు. చాలేవే. మొదటి విమానం రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు పదిన్నర. రెండో విమానం పదకొండున్నరకి.

తాళాలాయన వెబ్‌సైటు వాళ్ళకి ఫోన్ చేశాడు. 'మీ కాల్ మాకు ఎంతో విలువైనది' అంటూ ఒక గొంతు, వెనకాల సంగీతం. పావుగంట గడిచింది. తలుపు పక్కన పెద్ద కిటికీ, కింద సామాను పట్టా కనిపిస్తోంది. తన నీలం సంచీ, దానికి కట్టిన పసుప్పచ్చ తాడుతో సహా, పట్టా మీద తిరుగుతోంది. ఒక చుట్టు తిరిగి రబ్బరు తెరల్లోకి పోతుంది, మళ్ళీ బయటికొస్తుంది. ఈసారి ఎవరైనా తీశారేమో అని చూస్తాడు. ఎవరూ తీయరు. స్వయంగానే తిరుగుతోంది పాపం.

చివరికి ఒకమ్మాయి పలికింది. అంతా విని, "సార్, టికెట్టు ఇచ్చేశాక మా బాధ్యత ఉండదండీ. మీరు విమాన కంపెనీ వాళ్ళతో మాట్లాడాలి," అంది.

"ఏ కంపెనీతో తల్లీ? తెచ్చినవాళ్ళు మా పనైపోయింది అంటున్నారు. తీసుకెళ్ళాల్సినవాళ్ళు అద్దం అవతల ఉన్నారు."

"దానికి మేం ఏం చెయ్యలేం సార్."

"నిశ్చింత ప్యాకేజీ కూడా కొన్నానమ్మా!"

"అవునండీ, కనిపిస్తోంది. దాంట్లో మీకు విమానం వేళలు మెసేజీలో వస్తాయి."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఇక్కడ పాముకూ కోపం లేదు, కప్పకూ కోపం లేదు. అందరూ ఎంతో మర్యాదగా ఉన్నారు. ఆయనకు ఏడుపొచ్చింది. మర్యాదగా వద్దనే మనిషిని తిట్టనూలేం, బతిమాలనూలేం. అయినా బతిమాలాడు. కౌంటర్ అమ్మాయి దగ్గరికి మళ్ళీ వెళ్ళి అక్క గొంతు సంగతంతా చెప్పాడు. ఆ పిల్ల కళ్ళు చెమర్చాయి. లేచి వెళ్ళి ఎవరో పెద్దాయనతో మాట్లాడి వచ్చింది.

"ఆ కంపెనీ కౌంటర్ మూసేశారట సార్. మీ వెనక్కి వెళ్ళే టికెట్టు మాత్రం చెల్లుతుంది. లేదంటే ఇక్కడే కొత్తగా కొనుక్కోవాలి. అది రేపు పొద్దున."

రేపు పొద్దున! రేపు పొద్దున ఆయనకు అక్క ఉంటుంది, మంచం ఉంటుంది, పలక ఉంటుంది. గొంతు ఉండదు.

కుర్చీలో కూలబడ్డాడు. మేనకోడలికి ఫోన్ చెయ్యాలి. తాళాలాయన చేతిలో ఆ ఫోన్ ఎంతసేపు ఉందో ఆయనకే తెలీదు. పదకొండుంబావుకి, ఇక తప్పదన్నట్టు నొక్కాడు.

"ఎక్కేశావా మామయ్యా?" అంది ఆ పిల్ల ఉత్సాహంగా.

"లేదమ్మా. నేను... రాలేకపోతున్నా. ఇక్కడ ఆపేశారు. నాదే తప్పు. అక్కకి ఎలా చెప్తావో చెప్పు తల్లీ. ఈసారీ ఇంతే చేశానని చెప్పు."

అవతల మేనకోడలు ఆ మాటే అమ్మకు చెప్పడం వినిపించింది. ఆ వెంటనే పలక మీద బలపం గీకిన చప్పుడు. తర్వాత మేనకోడలు ఆశ్చర్యంగా అంది: "మామయ్యా, అమ్మ ఫోన్ ఇమ్మంటోంది. నన్ను బయటికి పొమ్మంటోంది."

తాళాలాయన లేచి నిలబడ్డాడు. ఆరేళ్ళ ఒట్టు! ఫోన్లో మాట్లాడనన్న అక్క, దాచుకున్న నాలుగు మాటలూ ఫోన్లోనే ఖర్చు పెట్టబోతోంది. బీరువా తాళానికి ఆనించినట్టు ఫోన్ చెవికి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. ముందు ఊపిరి వినిపించింది, బరువుగా, గీరుకుంటూ. తర్వాత గొంతు. అరిగిపోయింది గానీ అక్క గొంతే.

"ఒరేయ్ బేరం," అంది. చిన్నప్పటి పేరు. గోళీలకు కూడా బేరమాడేవాడని అక్క పెట్టిన పేరు.

"అక్కా..."

అప్పుడు మోగింది, నెత్తి మీద ఉన్న స్పీకరు. చెవులు చిల్లులుపడేట్టు ఆయన ఎక్కాల్సిన విమానమే చివరి పిలుపు పిలుస్తోంది. ఇంకా రావలసిన ప్రయాణికులు వెంటనే రావాలట. చేత్తో రెండో చెవి మూసుకున్నాడు. గోడ వైపు పరిగెత్తాడు. ఫోన్లో అక్క ఇంకా ఏదో అంటోంది, అంటూనే ఉంది. స్పీకరు అదే మాట రెండోసారి అరిచి ఆగింది. ఆగేసరికి చివరి ముక్క ఒక్కటే చెవిన పడింది.

"...లేరా."

ఆ వెంటనే దగ్గు. అడ్డూ ఆపూ లేని దగ్గు. ఎవరో నర్సు కేకలు, మంచం కదిలిన చప్పుడు. ఫోన్ కట్ అయింది.

మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. పన్నెండింటికి మేనకోడలే చేసింది. "దగ్గు తగ్గకపోతే ఇంజక్షన్ ఇచ్చారు మామయ్యా. పడుకుంది. ఇక లేపరట, నిద్రలోనే లోపలికి తీసుకెళ్తారు." మెల్లగా అడిగింది. "అమ్మ ఏమంది?"

నాకు వినపడలేదమ్మా అని చెప్పొచ్చు. చెప్తే ఆ పిల్ల అమ్మకు చెప్తుంది. అన్నాళ్ళు దాచుకుని, ఊపిరి తెంపుకుని చెప్పిన మాట గాలికి పోయిందని అక్క తెలుసుకుంటుంది. పలక మీద రాసివ్వమంటే రాసిస్తుంది, పలకకు గొంతుండదు.

"తిట్టిందమ్మా," అన్నాడు తాళాలాయన.

మేనకోడలు ఏడుస్తూనే నవ్వేసింది. "అమ్మయ్య! తిట్టిందంటే కోపం పోయినట్టే మామయ్యా."

ఫోన్ పెట్టేశాక ఒక మెసేజీ వచ్చింది. 'మీ విమానం సమయానికి బయల్దేరింది. శుభ ప్రయాణం. మీ నిశ్చింత ప్యాకేజీ.' చదివి జేబులో పెట్టుకున్నాడు. కిటికీలోంచి చూస్తే పట్టా ఆగిపోయి ఉంది, ఎవరో సంచీ తీసి పక్కన పెట్టారు.

తాళాలాయన అద్దాల తలుపు పక్కన కూర్చున్నాడు. అలవాటైన పని మొదలుపెట్టాడు. గుత్తిలోంచి ఒక్కో చెవీ పెట్టి చూసినట్టు, ఆ 'లేరా' ముందు ఒక్కో మాటా పెట్టి చూశాడు. పోనీలేరా. ఏం పర్లేదులేరా. నాకు తెలుసులేరా. నువ్వు రావులేరా. నువ్వింతేలేరా.

అన్నీ పడుతున్నాయి.