కిటికీలోంచి వచ్చిన మగ్గం

మూడో సొరుగు అడుగున ఇంకో గుప్పెడు క్లిప్పులు దొరికాయి. ఫ్రౌకె వాటిని డబ్బాలో పోసి, సొరుగు బోర్లించి వెనక తట్టింది. ఎండిపోయిన రబ్బరు ముక్క, సగం బిస్కెట్టు, ఎప్పుడు తెగిందో తెలియని చొక్కా గుండీ రాలాయి. తొమ్మిదింటికే ఆమె నేల మీద మోకాళ్ళపై ఉంది. ఉద్యోగం నుంచి రిటైరైన మొన్న శుక్రవారం దాకా ఈ వేళకి కంప్యూటరు తెరిచి మొదటి ఫిర్యాదు చదువుతూ ఉండేది.

కాలువల కార్యాలయానికి జనం రాసే ఉత్తరాలకు జవాబులు రాయడం ఆమె ఉద్యోగం. నీళ్ళలో నాచు పేరుకుందనీ, గట్టు మీద గడ్డి కొయ్యలేదనీ, బాతులు నిద్రపోనివ్వడం లేదనీ లైడెన్ ఊరి చుట్టుపక్కల జనం రాస్తూనే ఉంటారు. "మీ సూచనను శ్రద్ధగా పరిశీలిస్తాము" అని ముప్ఫై ఒక్క సంవత్సరాలు రాసింది. కింద సంతకం మాత్రం ఆమెది కాదు, పైవాళ్ళది. కుడి భుజం ఎడమ భుజం కంటే రెండు వేళ్ళు కిందకి జారింది, మెడ కాస్త ముందుకు వంగింది. అరవై ఏడేళ్ళ ఆ మనిషికి ఉద్యోగం మిగిల్చిన సంతకం అదే అనుకోవాలి.

చివరి నాలుగేళ్ళూ పని ఇంటినుంచే. అందుకని ఇంట్లో ఉన్న ఒక్క మంచి గదినీ, కాలువ వైపు గదిని, ఆఫీసుకి ధారపోసింది. కంప్యూటరు మీద ఎండ పడకూడదని పెద్ద కిటికీకి ముదురు పరదా కట్టింది. ఏం విడ్డూరమో, ఇల్లంతటికీ వెలుగొచ్చే గదిలో పట్టపగలు దీపం పెట్టుకుని కూర్చుంది. ఈ ఉదయం ఆ పరదాని కొక్కేలతో సహా పీకేసింది. అరల్లోంచి ఫైళ్ళు దించేసి, "2009 ఫిర్యాదులు" అని రాసి ఉన్న పెట్టెలో ఎర్ర ఉన్ని ఉండలు సర్దింది. పేరు మార్చబుద్ధి కాలేదు, అలాగే ఉంచింది.

ఇదంతా మగ్గం కోసం. పక్క వీధిలో యాకొమీనా గారింట్లో ఉందది. ఆరేళ్ళుగా ప్రతి మంగళవారం సాయంత్రం ఫ్రౌకె వెళ్ళి దాని ముందు కూర్చునేది, మెడలో ఎప్పుడూ ఇత్తడి కొక్కెం వేలాడే ఆవిడే పక్కన నిలబడి నేర్పేవారు. నేసినవి గిన్నెలు తుడుచుకునే తువ్వాళ్ళే. అంచులు వంకరటింకరగా పోయేవి. అయినా ప్రతి తువ్వాలు మూలా తన పేరులో మొదటి అక్షరం కుట్టుకునేది. ఎనభై తొమ్మిదేళ్ళ యాకొమీనా గారు ఈరోజు సాయంత్రం మేనకోడలుండే ఊళ్ళో వృద్ధాశ్రమానికి వెళ్ళిపోతున్నారు. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు మూడింటికి వస్తారు, అప్పటికి అక్కడ మిగిలిందంతా చెత్తబండికే. మగ్గం బతకాలంటే మూడులోపు ఈ గదిలోకి రావాలి. అది రావాలంటే ముందు ఈ బల్ల పోవాలి.

పదింటికి కింది అంతస్తు వీబె తాడు భుజాన వేసుకుని వచ్చాడు. మెట్లు మరీ ఇరుకైన ఊరు గనక, జీవితమంతా ఊళ్ళోవాళ్ళ సామాన్లు కిటికీల్లోంచి ఎక్కించి దించినవాడు. కాఫీ తాగాడు, బిస్కెట్టు తిన్నాడు, ఆమె డబ్బా మూత పెట్టెయ్యడం చూశాడు.

"రెండోది ఇస్తే ఇల్లు గుల్లైపోతుందా?"

"పనయ్యాక ఇస్తాలే. ఇప్పుడు తింటే నువ్వు వంగవు."

"నాలుగేళ్ళ కిందట ఈ బల్లని పైకి లాగింది నేనేనమ్మా. ఇది బల్ల కాదు, శవపేటిక అని అప్పుడే చెప్పా."

"చెప్పావు. నేను నవ్వాను కూడా."

"మర్యాదకి నవ్వావు. 'కాదు', 'కుదరదు' అనడం నీ నోటికి ఎప్పుడొచ్చింది గనక."

ఆ మాట నిజమే. మొన్న వీడ్కోలు కేకు కోస్తూ, "అవసరమైతే అడగండి" అని తనంతట తానే అంది. మర్యాదకన్న మాట కూడా పైవాళ్ళ డైరీల్లోకి ఎక్కి కూర్చుంటుందని ముప్ఫై ఒక్కేళ్ళు ఆఫీసులో ఉన్న మనిషికి తెలియదా ఏం? తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

కిటికీ చట్రం ఊడదీసి గోడకి ఆనించారు. ఇంటి నెత్తిన బయటికి పొడుచుకొచ్చిన దూలానికి కప్పీ తగిలించి, బల్లకి తాడు నాలుగు చుట్లు చుట్టి, వీబె వీధిలోకి దిగి లాగాడు. ఫ్రౌకె రెండు చేతులతో నెట్టింది. ఓక్ చెక్క బల్ల గడప దాటి గాల్లోకి వెళ్ళి, కాలువ వైపు తిరిగి ఆగింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఒక చెయ్యి బల్ల కాలు మీద ఉంచి రెండో చేత్తో ఎత్తింది.

పైఅధికారి రూలోఫ్. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు, మాట మెత్తన.

"ఫ్రౌకె గారూ, పదకొండుంబావుకి మీకు ఫోన్ చెయ్యాలని శుక్రవారమే రాసుకున్నానండీ. అవసరమైతే అడగమన్నారు కదా. కొత్తగా చేరినావిడ మానేసింది. వేసవి దాకా వారానికి నాలుగు రోజులు చూస్తారా? మీలా రాసేవాళ్ళు మాకు దొరకరు."

ఆ చివరి మాటకి ఫ్రౌకె చెవులు వెచ్చబడ్డాయి. ఇన్నేళ్ళలో ఎవరూ అనని మాట. "చూద్దాం" అన్నది నాలిక చివరికి వచ్చేసింది. ఆమె చూద్దాం అన్నదంటే ఒప్పుకున్నట్టేనని అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

కింద సైకిళ్ళు ఆగిపోయి గంటలు కొడుతున్నాయి. వీబె తలెత్తాడు.

"ఏమ్మా, చేతులు మండిపోతున్నాయి. పైకా, కిందకా? ఏదో ఒకటి చెప్పు."

ఆమె వెనక్కి తిరిగి గదిని చూసింది. బల్ల ఉన్నచోట నేల మీద నాలుగు గుంటలు. వాటి మీదుగా ఎండ ఎదురు గోడ దాకా పరుచుకుని ఉంది.

"కిందకి," అంది.

"ఏంటండీ కిందకి?" ఫోన్లో రూలోఫ్.

"నా బల్ల. వీధిలోకి దిగిపోతోంది."

"దానిదేముంది, ఆఫీసు కొత్తది పంపిస్తుంది."

"పంపించకండి, పెట్టడానికి చోటు లేదు. నేను రాను, రూలోఫ్. ఈ వేసవికీ రాను, వచ్చే వేసవికీ రాను. అడగండి అన్నది నా తప్పే."

అవతల డైరీ పేజీ తిప్పిన చప్పుడు. తర్వాత, "సరేనండీ, స్పష్టంగా చెప్పారు. డైరీలో కొట్టేస్తాను," అన్నాడు. అతని గొంతులో కోపం కూడా లేదు.

ఇంతేనా? ముప్ఫై ఒక్కేళ్ళు వణికింది ఈపాటి దానికా? ఫ్రౌకె కిటికీలోంచి సగం బయటికి వంగి పకపకా నవ్వింది. బల్ల రాళ్ళ మీద దిగి చప్పుడు చేసింది. ఆ వెనకే చక్రాల కుర్చీని కూడా దించేశారు. వీబె ఒక కాగితం మీద "కావాలంటే పట్టుకుపోండి" అని రాసి బల్లకి అంటించాడు.

రెండున్నరకి మగ్గం ముక్కలుగా తోపుడుబండి మీద వచ్చింది. పడుగు దారాలు విప్పకుండా మగ్గం దూలానికే చుట్టి, దుప్పట్లో మూటగట్టారు. యాకొమీనా గారు వీబె చెయ్యి పట్టుకుని వచ్చి, పేవ్‌మెంటు మీదున్న ఆఫీసు కుర్చీలో కూర్చున్నారు. మూడంతస్తుల నిటారు మెట్లు ఎక్కడం ఆవిడ వల్ల కాదు.

"నన్ను కూడా తాడుకి కట్టి లాగెయ్, వీబె."

"మళ్ళీ దించాలి కదండీ. ఒక్క బిస్కెట్టుకి అంత చాకిరీ నేను చెయ్యను."

ఒక్కొక్క దూలమే పైకి వచ్చింది. ఫ్రౌకె చేతులు చాచి ఒక్కొక్కదాన్నే లోపలికి లాక్కుంది. మేకులు లేవు, చెక్క చీలలు కొట్టుకుంటూ పోవడమే. బిగించడం అయ్యేసరికి అయిదు దాటింది. వీబె రెండు బిస్కెట్లు జేబులో వేసుకుని బండి తిరిగిచ్చి రావడానికి పోయాడు. అయిదున్నరకి టాక్సీ. పైన మగ్గం చప్పుడు వినకుండా కదలనని యాకొమీనా గారు ముందే చెప్పారు.

ఫ్రౌకె చెప్పులు విడిచి తొక్కుడు చెక్క మీద కాలు వేసింది. దారాల మధ్యలోంచి నాడె విసిరింది. అడ్డపలకని ముందుకి లాగి దారాన్ని కొట్టింది.

"గట్టిగా కొట్టు అమ్మాయ్," అని వీధిలోంచి గొంతు. "అది తువ్వాలు, పసిబిడ్డ కాదు."

గట్టిగా కొట్టింది. గది అదిరింది. మళ్ళీ విసిరింది, మళ్ళీ కొట్టింది. భుజం సలుపు మరిచిపోయింది. ఎడమ అంచు అప్పుడే వంకర పోయింది, పోనీ. ఇంత సంతోషం తనకి దక్కుతుందని ఫ్రౌకె ఎన్నడూ అనుకోలేదు, దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు. కళ్ళు తుడుచుకుంటూ లేచి కిటికీ దగ్గరికి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. టాక్సీ వంతెన ఎక్కి అవతలికి దిగుతోంది. వెళ్ళొస్తానని చెప్పడం ఆవిడకి ఎప్పుడూ సరిపడదు.

దారిన పోతున్న ఒక కుర్రజంట బల్ల మీద కాగితం చదివి, బల్లని బోర్లించి కుర్చీ మీదకి ఎక్కించబోయి ఆగారు. ఆ అమ్మాయి తల పైకెత్తింది.

"ఏమండీ, బల్ల మీద ఇదేదో పెట్టి ఉంది. మీదేనా?"

పైనుంచి చూస్తే ముందు పోల్చుకోలేకపోయింది. పోల్చుకున్నాక కిటికీలోంచి ఇంకాస్త బయటికి వంగింది.

"నాదే," అంది. "ఆ తాడుకి కట్టమ్మా."

పియానోలు మోసే ఆ తాడుని ఫ్రౌకె ఒక్కతే, చెయ్యి మీద చెయ్యి వేస్తూ లాగింది. దాని చివర, యాకొమీనా గారు యాభై ఏళ్ళు మెడలో వేసుకున్న మాసిన నాడాకి వేలాడుతూ, పడుగు దారాల్ని ఒక్కొక్కటిగా లాగి ఎక్కించే వేలెడంత ఇత్తడి కొక్కెం, సాయంత్రపు ఎండలో మెల్లగా తిరుగుతూ పైకి వస్తోంది.