బ్యాంబా నేర్చుకున్న మాటలు

బ్యాంబా మా సత్రానికి వచ్చిన రోజు కూడా వానే. యకుషిమా దీవిలో వాన పడని రోజునే చెప్పుకుంటాం. ఆయనది మంగోలియా. రైలింజను నడిపి రిటైరైన మనిషి. కూతురు నోమిన్ ఫుకుఓకలో చదువుతూ, సెలవులకని వచ్చి మా సత్రంలోనే దిగింది. ఒక్కతే అడవిదారిన కొండెక్కింది. ఆ మధ్యాహ్నం ఏరు పొంగింది. పిల్ల తిరిగి రాలేదు. ఆ కబురు అందే ఆయన వచ్చాడు.

ఆయనకు జపనీసు ఒక్క ముక్క రాదు. ఫోను అనువదిస్తుందిగా అని సైగ చేశాను. ఆయన ఫోనులో తన భాషలో ఏదో అని, దాన్ని నా ముందు పెట్టాడు.

"నా బిడ్డ గురించి నా నోటితోనే అడుగుతాను. మాటలు నేర్పమ్మా" అంది ఫోను.

వచ్చేపోయేవాళ్లకు నేను నేర్పేవి దండాలు, దారులు, అన్నం, వేణ్ణీళ్లు. ఆయనకు అవేవీ అక్కర్లేదు. కూతురంటే 'ముసుమె'. చూశారా అంటే 'మిమాషిత కా'. వాటినే గొణుక్కుంటూ, పిల్ల ఫొటో పట్టుకుని రేవుకు నడిచాడు. వెనకాలే నేను గొడుగుతో వెళ్లాను.

చేపలమ్మే తొమీ ముందు నిలబడి "ముసుబి మిమాషిత కా" అన్నాడు. ముసుబి అంటే అన్నం ముద్ద.

తొమీ పగలబడి నవ్వింది. "అయ్యో తాతా, అన్నం ముద్ద పారేసుకున్నావా? ఏ కోతి ఎత్తుకుపోయిందో! ఉండు, నాది పెడతాలే."

ఏమీ అర్థం కాకపోయినా ఆయనా నవ్వి, ఫొటో చూపించాడు. గోడగోడకీ అంటించిన ముఖమే. తొమీ చేతులు కడుక్కుని, తుడుచుకుని ఫొటో అందుకుంది.

"ముసుమె, తాతా. ము-సు-మె" అని నెమ్మదిగా దిద్దింది.

రోజులు గడిచాయి. ఊరి గాలింపు దళానికి పెద్ద ఇవాకావా. ఒక సాయంత్రం తడిసిన బట్టలతోనే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, రేపటితో ఆపేయమన్నారు. ఆయనకు నువ్వే చెప్పు. నావల్ల కాదు."

"నేను మాత్రం ఎలా చెప్పేదిరా?"

చెప్పనక్కర్లేకపోయింది. భోజనాల గదిలోంచి బ్యాంబా మా ఇద్దరి ముఖాలూ చూశాడు. తాళ్లు లాగుతున్నట్టు, బరువు మోస్తున్నట్టు అభినయించి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. వాళ్లతో ఏమనాలని అడుగుతున్నాడు. పని ముగించినవాళ్లతో మేమనే మాట చెప్పాను. 'ఒత్సుకరెసమా దెషిత'. చాలా శ్రమపడ్డారు అని. పడుకునేదాకా దాన్నే వల్లించాడు.

మర్నాడు సాయంత్రం దళమంతా ఊరి హాల్లో వరసగా నిలబడింది. బ్యాంబా టోపీ తీసి, నడుం వంచి, ఆ మాట అన్నాడు. ఒక్క అక్షరం తప్పలేదు.

ఇవాకావా నేలమీద కూలబడ్డాడు. "మమ్మల్ని తిట్టు పెద్దాయనా. కొట్టు. ఆ మాట మాత్రం అనకు."

తను మళ్లీ తప్పు పలికాననుకుని బ్యాంబా భయంగా నావైపు చూశాడు.

"లేదు. సరిగ్గానే అన్నారు" అన్నాను, ఆయనకు తెలిసేలా తలూపుతూ.

అప్పుడాయన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, చేతులు పట్టుకుని, అదే మాట మళ్లీ మళ్లీ చెప్పాడు.

నోమిన్ దొరకలేదు. ఇప్పటికీ తీరిక దొరికితే ఇవాకావా ఒక్కడే ఆ ఏటి వెంట వెళ్తాడు. తిరిగొచ్చి మా గుమ్మంలో కూర్చుంటాడు. టీ పోసిస్తాను. ఏమీ అడగను.