వెలగని రాళ్ళు

రాధమ్మ నీలిరంగు కయనైట్ రాయిని ఒళ్ళో పెట్టుకుని ఇనుప మేకుతో నిలువునా గీసింది. గీత పడింది. అడ్డంగా గీసింది. పడలేదు. మంచి రాయి, గంపలోకి పోయింది. పటాన్‌చెరు పక్కన ఈ రాళ్ళతో కొలిమి ఇటుకలు చేసే ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళుగా ఆమె పని ఇదే. బొటనవేలి గోరు సగం అరిగిపోయింది. కనుబొమల్లో దుమ్ము ఎంత రుద్దినా పోదు.

అది పంతొమ్మిది వందల డెబ్బయ్యారు. వారం కిందటే ఇంజనీరు నరసరాజు ఒక దీపం తెప్పించాడు. నల్లగుడ్డ కట్టిన గదిలో ఆ అతినీలలోహిత దీపం కింద మంచి రాయి ఎర్రగా వెలుగుతుందట! పదో తరగతి చదివిన జులేఖాను అక్కడ కూర్చోబెట్టాడు. వారం చూసి ఇద్దరిలో ఒకరినే ఉంచుతానన్నాడు. ఆ వారం ఇవాళ్టితో సరి.

నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల!

మధ్యాహ్నం జులేఖా అన్నానికి వెళ్ళగానే రాధమ్మ ఆ గదిలోకి దూరింది, దీపం పగలగొడదామనే. ముందు ఒక్కసారి చూద్దామని స్విచ్ వేసింది. రాళ్ళు నిప్పుకణికల్లా ఎర్రబడ్డాయి. దీపం మీదికి ఎత్తబోయిన చెయ్యి దిగిపోయింది.

"పన్నెండేండ్లు ఒళ్ళె పెట్టుకున్న. ఒక్కనాడన్న నాకు సూపెట్టినయా? నిన్న వచ్చినదానికి సూపెట్టినయి," అని గొణిగింది. ఆ పిల్ల మీద ఎంత మంటో, ఆ రాళ్ళ మీదా అంత మంట పుట్టింది.

అంతలో జులేఖా వచ్చింది. కోప్పడలేదు. మూలనున్న కుప్ప చూపించింది.

"అక్కా, గివి వెలుగుతలేవు. మంచియో కావో సమజైతలేదు. జెర చెప్పవా?"

రాధమ్మ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంది. దీపానికి తెలియకపోతేనేం, ఆమె వేళ్ళకు తెలిసిపోయింది. అన్నీ మంచివే.

"పారెయ్ పిల్లా," అంది.

సాయంత్రం జులేఖా పారేసిన వాటిలోంచి నరసరాజు నాలుగు రాళ్ళు తెచ్చి రాధమ్మ ముందు పెట్టాడు.

"నువ్వు చెప్పు రాధమ్మా, ఇవి పనికొస్తాయా?"

జులేఖా పక్కనే నిలబడి ఉంది. రాధమ్మ నిలువునా గీసింది, అడ్డంగా గీసింది.

"మంచియే సార్," అంది తల ఎత్తకుండా.

ఇక తన పేరు బయటపడుతుందనుకుంది. జులేఖా ఆమె వంక చూసింది. పారెయ్యమన్నది ఎవరో మాత్రం చెప్పలేదు.

"రేపట్నుంచి రానక్కర్లేదమ్మా," అన్నాడు ఇంజనీరు జులేఖాతో.

"పోయొస్త అక్కా," అని జులేఖా చెప్పులు తొడుక్కుని గేటు దాటింది.

"ఇక దీపమూ నువ్వే చూసుకో రాధమ్మా," అన్నాడు నరసరాజు.

రాధమ్మ గదిలోకి వెళ్ళి, కుర్చీలో కూర్చుని స్విచ్ వేసింది. రాళ్ళ కంటే ముందు, కొక్కేనికి తగిలించి జులేఖా మరిచిపోయిన చేతిరుమాలు, సబ్బుపొడిలో ఉతికిన తెల్లగుడ్డ, ఆ దీపానికి నీలంగా వెలిగింది.