బొగ్గుకు చెప్పిన చదువు

మాజీ మొగుడికి తమ కుక్క బొగ్గును అప్పగించేటప్పుడు ఆమె నవ్వింది. అతనికి అక్కడే అనుమానం రావాల్సింది. విడిపోయిన దగ్గర్నుంచి అతన్ని చూస్తే చాలు ముఖం మాడ్చుకునే మనిషి, ఆ రోజు బొగ్గు దుప్పటి తనే మడతపెట్టి వ్యాన్లో సర్దింది. పైగా "చల్లగాలికి జాగ్రత్త" అని కూడా చెప్పింది. కానీ అతను కొత్త పెళ్ళాంతో సముద్రతీరం వెంట టెంటు వేసుకుంటూ తిరిగొచ్చే సంబరంలో ఉన్నాడు. ఆ సంబరంలో అతనికి ఏనుగు ఎదురొచ్చినా కనపడదు.

ఆమె పని టెంట్లు కుట్టడం. ఇంటి ముందు గదే దుకాణం. ఆ వ్యాను ఇద్దరూ కలిసి బాగుచేసుకున్నది, అందులోని టెంటు ఆమె కుట్టింది. రెండూ అతని వాటాకి పోయాయి. బొగ్గును మాత్రం ఒక నెల ఇక్కడా ఒక నెల అక్కడా ఉంచాలని తేల్చుకున్నారు. వ్యాను పోతే పోయిందనుకుంది గానీ, బొగ్గు లేని నెల ఆమెకు ముద్ద దిగేది కాదు.

అందుకని ఈసారి తన వంతు నెలంతా దానికి చదువు చెప్పింది. జిప్పు సర్రున లాగడం, బొగ్గు మొరిగితే బిస్కెట్ పెట్టడం. మొదట్లో ముక్తసరిగా భౌమనేది. నెల తిరిగేసరికి జిప్పు చప్పుడు వినపడితే చాలు, మెడ పైకెత్తి ఇల్లెగిరిపోయేలా ఊళ పెట్టేది.

"దాని గొంతు పోతుందే," అంది అమ్మ, చెవుల్లో దూది కుక్కుకుంటూ.

"గొంతు కాదమ్మా, వాడి నిద్ర పోతుంది. ఆ టెంట్లోంచి ఒంటేలుకు లేచినా మూడు జిప్పులు తీయాలి. కుట్టింది నేనేగా. రెండ్రోజుల్లో వాడే తెచ్చి గుమ్మంలో పడేస్తాడు చూడు, నీ కుక్కా వద్దు, నువ్వూ వద్దు అని."

"నువ్వొద్దని ముందే అన్నాడుగా," అంది అమ్మ.

వారమైనా అతను రాలేదు. ఆమెకు కాలు నిలవలేదు. కుక్కను తెచ్చుకోవడం సరే, నిద్రలేక పీక్కుపోయిన ఆ ముఖాన్ని కళ్ళారా చూడకపోతే ఇంత కష్టపడిందీ బూడిదలో పోసినట్టే. దుకాణానికి తాళం వేసి, సరుకు చేరవేసే బండిలో అమ్మను ఎక్కించుకుని తీరం దారి పట్టింది. అతను ఎక్కడెక్కడ ఆగుతాడో ఆమెకు తెలుసు. ఒకప్పుడు ఇద్దరూ కూర్చుని అనుకున్న దారే అది. అనుకోవడమే గానీ కలిసి వెళ్ళింది లేదు.

మొదట ఆగినచోట టెంట్లకు జాగా ఇచ్చే ముసలాయన, కుక్క మాట ఎత్తగానే నెత్తి కొట్టుకున్నాడు. "ఆ ఊళల కుక్కేనా తల్లీ? చుట్టుపక్కల టెంట్లవాళ్ళంతా నా మీద పడ్డారు. ఆ మనిషి కుర్చీలో కూర్చునే తెల్లారబెట్టాడు." ఆమె కడుపు చల్లబడింది. ఆయనకు టీ ఇప్పించి మొదటినుంచి మళ్ళీ చెప్పించుకుంది. తర్వాతి చోట వాళ్ళను మరుగుదొడ్ల పక్కకు తరిమేశారట. అది విని బండి ఎక్కేదాకా నవ్వుతూనే ఉంది.

ఆ తర్వాతి చోట ఉన్నావిడ మాత్రం కాసేపు ఆలోచించింది. "కుక్కా? ఉన్నట్టే ఉంది. చప్పుడేం లేదే," అంది.

అక్కణ్ణుంచి ఆమె నవ్వలేదు.

మధ్యాహ్నానికి వాళ్ళు దొరికారు. అతను నున్నగా గడ్డం గీసుకుని, కంటినిండా నిద్రపోయిన ముఖంతో మడతకుర్చీలో కూర్చుని ఉన్నాడు. కొత్త పెళ్ళాం గిన్నెలు కడుగుతోంది. బొగ్గు వ్యాను నీడలో పడుకుని ఉంది. ఆమెను చూసి తోక ఒక్కసారి నేలకు కొట్టింది గానీ లేవలేదు.

"నువ్వేం చేశావో నాకు తెలిసిపోయింది," అన్నాడు అతను. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నీ చదువు మాన్పించేశాను. చూడు."

చెయ్యి చాపి టెంటు జిప్పు పైనుంచి కిందికి లాగాడు.

బొగ్గు మొరగలేదు. పొట్ట నేలకు ఆనించి వ్యాను కిందికి పాకింది. పాకినంత మేరా ఇసుక తడిసింది.

"దేంతో మాన్పించావు?" అని అడిగింది ఆమె.

కొత్త పెళ్ళాం తలెత్తకుండానే చెప్పింది. "టెంటు కర్రతో. నేను వద్దంటూనే ఉన్నానక్కా."

ఆమెకు ఒళ్ళంతా మండిపోయింది. దగ్గరికి వెళ్ళి అతని చెంప పగలగొట్టడానికి చెయ్యెత్తింది. అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు కూడా. అంతలో వ్యాను కింద బొగ్గు మూలిగింది. లేచిన చెయ్యి ఎవరికోసమో దానికేం తెలుసు? ఆమె చెయ్యి దించేసింది. వాడు అలా బతికిపోయాడు.

పోనీ నోరైనా చేసుకుందామనుకుంది. దారిపొడవునా పోగేసుకున్న తిట్లు నాలుక చివరే ఉన్నాయి. కానీ జిప్పు చప్పుడును ఆ నోరులేనిదానికి అంటగట్టింది తను. దెబ్బ వాడిదైతే, దెబ్బకు దారి వేసింది తనే. ఏ తిట్టు తిట్టినా సగం తనకే తగులుతుంది.

ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని పిలిచింది. అది రాలేదు. అప్పుడు చూసుకుంది, తన కోటుకు ముందంతా జిప్పే. దాన్ని ముట్టుకోకుండా కోటును తలమీదుగా లాగబోయింది. మెడ దగ్గర ఇరుక్కుపోయింది.

"కదలకు, చెవులూడతాయి," అంటూ అమ్మ వచ్చి లాగింది.

చాలాసేపటికి బొగ్గు బయటికొచ్చింది. వచ్చి అమ్మ కాళ్ళ మధ్య దూరి నిలబడింది.

"ఇంక నెలలూ వంతులూ ఏం లేవు. నువ్వే ఉంచేసుకో," అన్నాడు అతను కుర్చీలోంచి. ఆ మాట వినడానికే ఆమె ఇన్నాళ్ళూ చేసిందంతా చేసింది.

బొగ్గు తల నిమురుదామని చెయ్యి చాపింది. బొగ్గు పారిపోలేదు. దెబ్బ పడబోతోందని కళ్ళు గట్టిగా మూసుకుని, కదలకుండా నిలబడింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. బండి తలుపు తెరిచి, అది ఎక్కడానికి వీలుగా దూరంగా జరిగి నిలబడింది.