తాతాజీ ప్రమాణపత్రము

వర్షర్తువునొద్ద సెలవు పుచ్చుకొన్న మేఘమాలికలు వసిష్ఠగోదావరీజలములఁ దమ నీడలఁ దుదిసారి చూచుకొని తరలిపోవ శరత్కాలసూర్యుని పసిఁడికిరణములు కొబ్బరిమట్టల సందులనుండి జాలుజాలుగా జాఱి నరసాపురము చెంతనున్న లంకయందలి పెంకుటిండ్ల యరుగులపైఁ బఱచుకొనుచుండ ఆ యరుగులమీఁద పదునలుగురు వనితలు కొంకిసూదులతోఁ దెల్లని దారమును లతలుగాఁ బువ్వులుగా హంసలుగా నల్లుచుండిరి. వారి లేసులు సముద్రములు దాఁటిపోవును. వారు రేవు దాఁటిన దినములు మాత్రము వ్రేళ్ళ లెక్కింపవచ్చును.

ఆ లేసులఁ గొని దూరదేశములకంపు వర్తకుని కొట్టులో ముప్పదియేండ్లు గుమాస్తాగా నుండినవాఁడు గంధము తాతాజీ. మూటలపై నాంగ్లమునఁ జిరునామాలు వ్రాయుట యాయన పని. చూచి వ్రాయుటయే కాని చదివి తెలిసికొనుట యాయన యెఱుఁగఁడు. ఆయనయొద్ద అక్షరము పుష్కలము, అర్థము పూజ్యము. జేబునందును అంతియే. ఈ రహస్యము తెలియని లంకవారందఱు నాయనను ఇంగ్లీషు తాతాజీ యనిరి. ఆయన కాదనలేదు. ముప్పదియేండ్లకుఁ గాదనుటకు సమయము మించిపోయెను.

కావుననే ఆ పదునలుగురును సిరిలత ఫైనాన్సు అను సంస్థయందు ఖాతాలు తెఱచినపుడు ఆధారు నకళ్ళు ఫొటోలు వ్రేలిముద్రలు తమవి యిచ్చి ఫోను నంబరు మాత్రము ఇంగ్లీషు వచ్చిన మా ప్రతినిధి యని వ్రాయించి తాతాజీ దిచ్చిరి. ఇంగ్లీషు మెసేజీ ఇంగ్లీషు వచ్చినవాని యింటికే పోవుట మర్యాద యని వారి తలంపు.

దీపావళికి మూఁడుదినములు ముందు ఆ ఫోను గడియలోపలఁ బదునాలుగుమాఱులు మ్రోగెను. అరుగుమీఁది కన్నులన్నియుఁ దనపై నిలువఁగాఁ దాతాజీ సంస్థ పేరు మాత్రము పోల్చుకొని గొంతు సవరించెను.

"పండగ శుభాకాంక్షలమ్మా! ఒక్కొక్కళ్ళకీ పేరుపేరునా చెప్పారు. స్వీటు పంపలేదు గానీ స్వీటుగా పంపారు."

అరుగెల్ల నవ్వెను. ఆ సందేశమునందు శుభమును లేదు ఆకాంక్షయును లేదు. సంస్థ కంప్యూటరులనుండి మీ వివరములు దొంగలపాలైనవి, వెంటనే మీ ఖాతాను లాకు చేసికొనుఁడు అని మాత్రమే యుండెను.

రెండు మాసములు గడచెను. ఆ దొంగవివరములతో నెవ్వఁడో ఆ పదునలుగురిలో నొకతెయగు మేరీరత్నము పేర నామె యెన్నఁడును జూడని యప్పును గొనిపోఁగా వసూలువారు వచ్చి యామె యరుగుమీఁదనే కూర్చుండి వీధి వినునట్లు పిలువసాగిరి. ఆమె సంస్థకు ఫిర్యాదు వ్రాయించెను. మీ ప్రతినిధియగు ఆంగ్లజ్ఞునకు సకాలమునఁ దెలిపితిమి, మా తప్పేమియు లేదు అని సంస్థ బదులు పలికెను. అంతట పదునలుగురును దాతాజీతోఁగూడ బస్సెక్కి భీమవరమున సుగుణశ్రీ యను న్యాయవాదినిఁ గలిసికొనిరి.

"భయపడకండి," అని యామె కాగితములు తిరుగవేయుచుఁ బలికెను. "కంపెనీ జవాబు నచ్చకపోతే రిజర్వు బ్యాంకులో ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు. లేదంటే వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు కేసు వెయ్యొచ్చు. ఇంత చిన్న కేసుకి ఫీజు కూడా ఉండదు. కానీ ఇంగ్లీషు వచ్చిన మనిషికి చెప్పామని వాళ్ళంటున్నారే, ఆ మాట విరగ్గొట్టాలి. మీకు అర్థంకాని భాషలో చెప్పారని మనం చూపించాలి."

"అర్థంకాకపోడమేంటండి!" అని మేరీరత్నము లేచెను. "మా బాబాయి ఇంగ్లీషు మంచినీళ్ళు తాగినట్టు చదివేత్తాడండి. ఆ కంపెనీవోళ్ళే తరవాత మెసేజీ మార్చేసుంటారండి, దొంగముండావోళ్ళు!"

"అలా రాస్తే కేసు పోతుందమ్మా. ఆ అప్పు నీ నెత్తినే ఉంటుంది."

"పోతే పోనియ్యండి. మా బాబాయి అబద్ధం చెప్పాడని మాత్రం నేను రాయనండి."

తాతాజీ తల వంచుకొనెను. ఆమె నిందించినచో నిలువవచ్చును. ఇట్లు వెనుకేసికొని వచ్చుచున్నదే, ఆ విశ్వాసమునెదుట నిలువఁజాలఁడు. తాను మౌనముగాఁ గూర్చున్నచోఁ దన పేరు నిలుచును, ఆ పిల్ల యిల్లు నిలువదు.

"నేనొక్కణ్ణే లోపలి గదిలోకొచ్చి మీకో మాట చెప్పొచ్చాండి?"

"కేసుకి సంబంధించిందైతే వీళ్ళందరూ వినాల్సిందేనండి."

ఆయన నేలచూపులతోనే చెప్పెను. "నాకు ఇంగ్లీషు చదవడం రాదండి. ఆ మెసేజీ నాకు అర్థంకాలేదు."

మేరీరత్నము ఆయన కుర్చీ చెంతకు వచ్చెను. "మరి శుభాకాంక్షలన్నావు?"

"ఊరికే అన్నానమ్మా."

"ఊరికే!" అని యామె గోడవైపునకుఁ దిరిగెను.

సుగుణశ్రీ యా మాటనే తెలుఁగునఁ బ్రమాణపత్రముగా వ్రాయించెను. ప్రక్కగదిలోని నోటరీ కండ్లజోడు సవరించుకొని వచ్చెను.

"రాసింది చదివి వినిపించాకే సంతకం పెట్టించాలండి. రూలు."

"కొంచెం మెల్లగా చదవండి బాబూ," అని తాతాజీ వేఁడుకొనెను.

నోటరీ దయాళువు. తన మీసములకు మాత్రమే వినఁబడునట్లు చదివెను. అయినను దలుపుదాఁపునఁ గూర్చున్న పల్లాలమ్మ యను చెవులు మందగించిన వృద్ధ చెవికిఁ జేయి యానించి యడిగెను.

"ఏటే? ఏటంటన్నాడు?"

చెప్పుటకుఁ దక్కిన పదుముగ్గురుండియు నా మాటను దాతాజీకే వదలిరి. పరులు దోఁచిన వివరమునకుఁ జట్టము దిక్కు, తాను దాఁచిన వివరమునకుఁ దానే దిక్కు. తాతాజీ కుర్చీ వెనుకకుఁ దీసి లేచి వారందఱివైపునకుఁ దిరిగెను.

"నాకు ఇంగ్లీషు రాదు పల్లాలమ్మక్కా! ముప్పై ఏళ్ళనుంచీ రాదు."

నవ్వవలసిన చోట నెవ్వరును నవ్వలేదు. పల్లాలమ్మ యాయనను నఖశిఖపర్యంతము చూచి తన సంచిలోని లేసును దీసి మడిచి యొడిలోఁ బెట్టుకొనెను. మేరీరత్నము గోడనుండి మఱలి, ఆయన మొగము చూడకయే, కలము మూఁత తీసి యాయన ముందునకు జరిపెను.